నాయిన కల్లు గీస్తడు, నేను డబ్బా మీద గీసిన

మా ఇంట్లో గీత అంటే రెండు పనులు. నాయిన తాళ్లు, అంటే తాటిచెట్లు గీస్తాడు, నేను బొమ్మలు గీస్తాను. జనగామ పక్కన మా ఊరు. తాత, ముత్తాత అందరూ చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటివనానికి పోయినవాళ్లే. నేను హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, ఇప్పుడు హనుమకొండలో ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తున్నాను. ఐదారేళ్లుగా సెలవులన్నీ చేర్యాలలోనే. అక్కడ కథల పటాలు వేసే నకాశీ గురువు ఒకాయన దగ్గర ఆ పని నేర్చుకుంటున్నాను. మా రెండు గీతలూ కలిసే పని ఒకటి నా చేతికి వస్తుందని, అదీ ఒక బీరు డబ్బా మీద అని ఎన్నడూ అనుకోలేదు.

పోయిన ఏడాది శివరాత్రి దాటిన వారానికి ఫోన్ వచ్చింది. గోవాలో ఒక చిన్న బ్రూవరీ. అక్కడ బీరు చేసే పిల్లవాడు మన కరీంనగర్ వాడే, బయోటెక్నాలజీ చదివి అటు పోయాడు. “అక్కా, మీరు వేసిన తాటివనం బొమ్మ ఇన్‌స్టాగ్రామ్‌ల చూసిన. మేం తాటిబెల్లం వేసి ఒక నల్ల బీరు చేస్తున్నం. డబ్బా మీద బొమ్మ మీరే వెయ్యాలె” అన్నాడు.

ఆ రోజు నేను ఔననలేదు, కాదనలేదు. కల్లు మా అన్నం. దాని మీదే చదువుకున్నాను. అయితే తాగుడు వల్ల కూలిపోయిన ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. చెట్టు కల్లు చాలని చోట మత్తుమందు కలిపిన కల్లు తాగి చేతులు వణికే మనుషుల్ని చూస్తూ పెరిగాను. బీరు డబ్బాకు నేను అందం తేవచ్చా అన్న ప్రశ్న నన్ను రెండు వారాలు తిప్పింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. బొమ్మలో పని కనబడాలి, మత్తు కాదు. చేర్యాల మాస్కులూ బొమ్మలూ పిల్లలు ఆడుకోవడానికి కొంటారు కాబట్టి, అలాంటి గుండ్రటి నవ్వు ముఖాలు డబ్బా మీద పెట్టనని కూడా చెప్పాను. ఆ రంగులు చూసి పిల్లలు డబ్బా కోసం చెయ్యి చాపకూడదు. ఆ పిల్లవాడు వాళ్ల యజమానులతో మాట్లాడి, రెంటికీ సరేనన్నాడు.

చిన్న బ్రూవరీలకు బొమ్మలు వేసేవాళ్లతో ఇంత పని ఎందుకో అతనే వివరించాడు. మద్యానికి టీవీలో ప్రకటన వేయకూడదని కేబుల్ టెలివిజన్ నియమాల్లోనే ఉంది. పెద్ద కంపెనీలు సోడా పేరుతో, సీడీల పేరుతో ఏదో దారి వెతుక్కుంటాయి. చిన్నవాళ్లకు అంత డబ్బు లేదు. దుకాణంలో అరమీద నిలబడ్డ డబ్బాయే వాళ్ల బోర్డు, వాళ్ల గొంతు. బయటి దేశాల్లో ఇది బాగా ముదిరిన పద్ధతి. స్వీడన్‌లో ఓమ్నిపోలో అనే బ్రూవరీని ఇద్దరు కలిసి పెట్టారు: హెనోక్ ఫెంటీ బీరు చూసుకుంటాడు, కార్ల్ గ్రాండిన్ బొమ్మలు చూసుకుంటాడు. కెనడాలోని హామిల్టన్‌లో కలెక్టివ్ ఆర్ట్స్ అనే బ్రూవరీ ఎక్కడెక్కడి చిత్రకారుల బొమ్మలనో పిలిచి తీసుకుని, డబ్బులిచ్చి డబ్బాల మీద వేస్తుంది. డెన్మార్క్ మిక్కెలర్ డబ్బాల మీద పొడుగు ముక్కుల మనుషుల్ని చూసి కీత్ షోర్ చెయ్యి అని జనం గుర్తుపడతారు. ఈ బొమ్మలన్నీ అతను పంపితే ఒక రాత్రంతా చూస్తూ కూర్చున్నాను. వాటిలో నాకు నచ్చింది ఒకటే. ఎక్కడ చూసినా బొమ్మ ఎవరిదో ఆ చెయ్యి తెలుస్తోంది.

రుచి తెలియకుండా బొమ్మ వేయలేనన్నాను. గోవా బీరును పర్మిట్ లేకుండా ఇక్కడికి పంపకూడదు. అందుకని అతను ఒక చిన్న పార్సెల్ పంపాడు: తాటిబెల్లం ముద్ద, నల్లగా వేయించిన బార్లీ పిడికెడు, బీరుకు చేదునిచ్చే హాప్ పూల గుళికలు కాసిన్ని. బార్లీని నోట్లో వేసుకుంటే మాడు జొన్నల వాసన, వెనక కాఫీ చేదు. హాప్స్ వాసన పచ్చి వేపాకు నలిపినట్టు ఉంది. బెల్లం మాకు చుట్టమే అయినా మా ఊళ్లో వండేవాళ్లు లేరు. మా తాళ్లన్నీ కల్లుకే. “బెల్లం వేస్తే తీపి ఉంటదనుకుంటరు అక్కా, ఉండదు. ఈస్టు ఆ చక్కెరనంతా తినేస్తది. వాసన ఒక్కటే మిగులుతది” అని ఫోన్లో చెప్పాడు. ఆ మాట నేను నాయినకు చెప్పాను. నాయిన ఆశ్చర్యపోలేదు. “మన కల్లుదీ గంతే కదనే. పొద్దుగాల తీపి, పగటాల్లకు పులుపు” అన్నాడు. చెట్టుకు కట్టే కల్లు కుండకు, అంటే లొట్టికి, లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా ఉంటుంది, పూయకపోతే గాలిలోని ఈస్టు చెట్టు మీదే పని మొదలుపెడుతుంది. గోవాలో స్టీలు ట్యాంకుల్లో జరిగేదీ, మా తాటిచెట్టు మీద మట్టి లొట్టిలో జరిగేదీ ఒకే పని. నా బొమ్మకు దారం అక్కడే దొరికింది.

మొదట నా మనసు పోయింది గౌడ పురాణం మీదికి. పటం కథలు తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మన దగ్గర ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పేందుకు ఒక్కో ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెబుతారు. మా గౌడులకు గౌడజెట్టిలు చెబుతారు. వాళ్ల చేతిలో ఉండే పటం రాసిచ్చేది చేర్యాల నకాశీలు. 3 అడుగుల వెడల్పు, కొన్నయితే 60 అడుగుల దాకా పొడవు. పై నుంచి కిందికి ఘట్టం తర్వాత ఘట్టం, చుట్ట విప్పుతూ కథ నడుపుతారు. నా చిన్నప్పుడు మా ఊరికి ఒకసారి గౌడజెట్టిలు వచ్చారు. రెండు గుంజలకు పటం కట్టి, కర్రతో చూపుతూ రాత్రంతా చెప్పారు. ఎర్రటి నేల మీద కంఠమహేశ్వరుడు, సురమాంబ. వాళ్ల పక్కన తాటిచెట్టు. దేవుడి పక్కన మా చెట్టు ఉండడం చూసి నేను బొమ్మల్లో పడ్డాను.

ఆ కంఠమహేశ్వరుణ్నే డబ్బా మీద వేద్దామని స్కెచ్ చేసుకుని చేర్యాల పోయాను. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉంటుంది చేర్యాల. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మా వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. గురువు స్కెచ్ చూశాడు, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “బిడ్డా, పటం పాతగైతె మేం పారెయ్యం. పూజ చేసి నీళ్లల్ల కలుపుతం. నువ్వు వేసే డబ్బ ఏడ పడతదో నీకెరుకేనా?”

నాకు ఎరుకే. రోడ్డు పక్కన, కాలి కింద. ఆ కాగితం అక్కడే చించేశాను. తర్వాత బ్రూవరీ లాయరు కూడా ఇదే సంగతి చట్టం మాటల్లో చెప్పాడు: ఏ వర్గం మత విశ్వాసాన్నైనా నొప్పించే గుర్తును 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం రిజిస్టర్ చేయనివ్వదు. కానీ నాకు గురువు మాటే ముందు తగిలింది. దేవుడి బదులు చెట్టునూ, ఎక్కే మనిషినీ వేద్దామన్నాడు. “కథ చెప్పేటోళ్లు దేవుని కథ చెప్పిన్రు. నువ్వు మీ నాయిన కథ చెప్పు.”

అక్కడే ఇంకో సంగతి తేలింది. ‘చేర్యాల చిత్రం’ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు పెట్టుకునే హక్కు దాన్ని తరతరాలుగా చేస్తూ నమోదైన వాళ్లది. నేను శిష్యురాలినే, నకాశీ ఇంటి పిల్లను కాను. నేను ఒక్కదాన్నే గీసి డబ్బా మీద ఆ పేరు రాస్తే, ఒక చేతి వేళ్ల లెక్కన మిగిలిన ఆ కుటుంబాల అన్నంలో చెయ్యి పెట్టినట్టే. అందుకని గురువును భాగస్వామిగా రమ్మని అడిగాను. అసలు బొమ్మ ఖద్దరు గుడ్డ మీద మేమిద్దరం వేస్తాం, డబ్బు సగం సగం, పేర్లు ఇద్దరివీ. బ్రూవరీకి అదే చెప్పాను. ఇది అడగడానికి నాకు ధైర్యం కావలసి వచ్చింది, ఎందుకంటే వాళ్లు మాట్లాడింది ఒక్కరితో. వాళ్లు రెండు రోజులు ఆగి ఒప్పుకున్నారు.

ఒప్పంద పత్రం గురించి కొంచెం వివరంగానే చెబుతాను, నా తోటి చిత్రకారులు చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. మూడేళ్ల కింద ఇంకో కంపెనీ ‘పోటీ’ పెట్టింది. గెలిచినవాళ్లకు బహుమతి అన్నారు గానీ, పంపిన అన్ని బొమ్మల మీదా హక్కులు వాళ్లవేనని కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను నాలుగు బొమ్మలు పంపి, చదవకపోయినందుకు తర్వాత ఏడ్చాను. ఈసారి వచ్చిన మొదటి ముసాయిదాలోనూ ‘ఒకేసారి చెల్లింపు, అన్ని హక్కులూ శాశ్వతంగా’ అని ఉంది. హనుమకొండలో మా బంధువు ఒకాయన వకీలు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ముందు పెట్టి చెప్పాడు: హక్కులిచ్చే పత్రం రాతపూర్వకంగా ఉండాలి, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నది రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకుగా లెక్క. 57వ సెక్షన్ కింద ఇంకొకటి ఉంది. హక్కులు అమ్ముకున్నా, బొమ్మ నాదని చెప్పుకునే హక్కు, దాన్ని నా పేరు చెడేలా వికారం చేస్తే అడ్డు చెప్పే హక్కు నాతోనే ఉంటాయి. 

అన్నీ తిరిగి రాయించాం. డబ్బా లేబుల్‌కూ, బ్రూవరీలో పెట్టే పోస్టర్‌కూ మాత్రమే, రెండేళ్లు. టీషర్టులు, గ్లాసులు చేయాలంటే మళ్లీ మాట్లాడాలి. ఖద్దరు మీది అసలు పటం మాదే. బొమ్మలో ఏం మార్చాలన్నా మమ్మల్ని అడగాలి. వాళ్లు 25 వేలు అన్నారు, నేను 60 అడిగాను, 50 దగ్గర ఆగాం. ఫ్రాన్స్‌లో మూటన్ రోత్‌షిల్డ్ అనే వైన్ వాళ్లు 1945 నుంచి దాదాపు ఏటా ఒక చిత్రకారుడితో లేబుల్ వేయించుకుంటారు, డబ్బుకు బదులు వైన్ పెట్టెలు ఇస్తారని బ్రూవరీ యజమాని ముచ్చటగా చెప్పాడు. పికాసోకు అది సరిపోతుంది. మా గురువు ఇంట్లో బియ్యం కొనాలి.

ఇక గీయడం. 500 మిల్లీలీటర్ల డబ్బా అడ్డుకొలత 66 మిల్లీమీటర్లు, అంటే చుట్టూ దాదాపు 207. ఎత్తు 168 ఉన్నా పైన మెడ సన్నబడుతుంది, కింద అంచు లోపలికి వంగుతుంది. స్టిక్కరు నిటారు గోడ మీదే అంటాలి, మాకు మిగిలింది 130 మిల్లీమీటర్ల ఎత్తు. పటం పై నుంచి కిందికి విప్పుతారు; డబ్బా అలా కుదరదు. తాగే మనిషి డబ్బాను చేతిలో తిప్పుతాడు. ఒక్క చూపులో కంటికి ఆనేది చుట్టుకొలతలో మూడో వంతే. అందుకని నేను కాగితం పట్టీలు కత్తిరించి స్టీలు గ్లాసుకు చుట్టి, ఇంట్లో అందరి చేతికీ ఇచ్చి ఎటు తిప్పుతున్నారో చూశాను. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, కాబట్టి కథ ముందుకు పోవాలంటే గ్లాసును ఎడమకు తిప్పాలి. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం ప్రతిసారీ కుడికే తిప్పింది. దాంతో ఎటు తిప్పినా అర్థమయ్యేలా ఘట్టాలు కుదర్చాలని తేల్చుకున్నాను.

నాలుగు ఘట్టాలు పెట్టాం. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య గీతకు బదులు ఒక తాటిచెట్టు నిలబడుతుంది. డబ్బా నిలువు, తాటిచెట్టు నిలువు, బాగా కుదిరింది. మొదటిది తెల్లవారుజామున కత్తులు నూరుకోవడం. రెండోది ఎక్కడం. మూడోది చెట్టు మొవ్వలో లొట్టి, దాని చుట్టూ తేనెటీగలు, చిలుకలు. నాలుగోది మండువ, కల్లు పోసే చోటు: అవ్వ కల్లు బింకి వంచి పోస్తుంది, మనుషులు తాటాకు రేకలు పట్టి కూర్చున్నారు. మండువలో మొదటి కల్లు ఎల్లమ్మ పేర సాక పోస్తాం. అమ్మవారిని వేయలేదు. వేపకొమ్మ ఒకటి, కింద నేల మీద పడుతున్న తెల్లటి ధార ఒకటి. మావాళ్లకు అది చాలు, తెలుస్తుంది.

రెండో ఘట్టం నాయిన మూడుసార్లు దిద్దించాడు. మోకు నడుము మీదుగా పోయే తీరు, కాళ్లకు వేసే గుజి తాడు, వెనక కత్తులు పెట్టుకునే ముత్తాదులో అవి ఎటు వంగి ఉంటాయన్నది. “గట్లుంటె మనిషి పడతడు” అన్నాడు మొదటి బొమ్మ చూసి. మా బాబాయి పడ్డాడు. నడుము విరిగి పదకొండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. తాటిచెట్లు ఎక్కేవాళ్ల కోసం కాటమయ్య రక్షణ కవచం అని తాళ్లూ బెల్టూ ఉన్న కిట్టు ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. అది బాబాయి కాలానికి లేదు. బొమ్మలో ఆ మోకు ముడిని సరిగ్గా వేసేదాకా నాకు నిద్ర పట్టలేదు.

గుడ్డ తయారీ గురువు పని. ఖద్దరుకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపి మూడు పూతలు, ఒకటి ఆరినాకే ఇంకొకటి. తర్వాత నేలంతా ఎరుపు. ఆ ఎరుపు ఇంగిలీకంది. ముఖాలకు పసుపు, నీలం, చివరికి నల్లగీత. గురువు నల్లగీత పెడుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాను. ఉడుత తోక వెంట్రుకల కుంచె, ఒక్క విసురు, కన్ను తెరుచుకుంటుంది.

బీరు పేరు ‘గీత’ అని పెడదామన్నాను నేను. బ్రూవరీ పిల్లవాడు ఎగిరి గంతేశాడు. కానీ గోవాలో, ఇంకెక్కడైనా, ఆ రెండక్షరాలు చూసినవాళ్లకు తాటిచెట్టు గుర్తురాదు, భగవద్గీత గుర్తొస్తుంది. బీరు డబ్బా మీద ఆ పేరు కూడదు. నాకు ఎంతో ఇష్టమైన మాట వదులుకోవడం కష్టమైంది. చివరికి ‘లొట్టి’ అన్నాం. డబ్బా కూడా ఒక లొట్టే. ఆ అక్షరాలు నేనే చేత్తో రాశాను, తెలుగులో పెద్దగా.

స్కాన్ చేసిన బొమ్మను వాళ్ల డిజైన్ ఏజెన్సీకి ఇచ్చాం. తిరిగొచ్చిన నమూనా చూసి గుండె జారిపోయింది. హెచ్చరిక డబ్బీని నాయిన కాళ్ల మీద పెట్టారు. చెట్టెక్కే మనిషికి కాళ్లు లేవు. తప్పు సగం నాదే. మద్యం లేబుల్ మీద ఏమేం ఉండాలో ముందే అడగాల్సింది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన మద్యం ప్రమాణాల ప్రకారం, తాగడం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపవద్దు అన్న హెచ్చరికను ఇంగ్లీషు పెద్దక్షరాల్లో వేయాలి. ఈ సైజు డబ్బా మీద అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆల్కహాల్ శాతం, పరిమాణం, లైసెన్స్ నంబరు, తయారీ తేదీ, బ్యాచ్, చిరునామా, ధర, బార్‌కోడ్ కూడా రావాలి. ఇవన్నీ అయ్యాక ఆ రాష్ట్ర ఎక్సైజ్ శాఖ ఆమోదం కావాలి. లేబుల్‌లో తర్వాత మార్పు చేస్తే మళ్లీ వాళ్ల దగ్గరికే. ఏ రాష్ట్రంలో అమ్మాలంటే ఆ రాష్ట్రంలో విడిగా రుసుము కట్టాలి. అందుకే ఇలాంటి ఒక్క బ్యాచ్ బీర్లు సాధారణంగా ఒక్క రాష్ట్రం దాటవు. ‘లొట్టి’ గోవాలోనే అమ్మకానికి అని లేబుల్ మీదే ఉంది. వరంగల్‌లో ఎవరూ కొనలేరు.

నేను ఘట్టాలను కొంచెం దగ్గరికి జరిపి, స్టిక్కరు రెండు అంచులు కలిసే చోట 45 మిల్లీమీటర్ల పట్టీ ఖాళీ చేసి, అక్షరాలన్నీ అక్కడికి పంపాను. ఆ పట్టీని రెండు తాటిచెట్ల మధ్య పెట్టాను, గోడ మీద అంటించిన కాగితంలా. మళ్లీ చేస్తే ఆ పట్టీతోనే మొదలుపెడతాను, బొమ్మతో కాదు.

ప్రింటింగ్ దగ్గర పదిహేను రోజులు పోయాయి. నన్ను అడిగితే ఈ పనిలో అసలు సారం అక్కడే ఉంది. పెద్ద కంపెనీలు డబ్బా మీదే నేరుగా అచ్చు వేయిస్తాయి, కానీ డబ్బాల ఫ్యాక్టరీ లక్షల్లో ఆర్డరిస్తే గానీ ముట్టుకోదు. మా బ్యాచ్ 2000 లీటర్లు, అంటే ఎక్కువలో ఎక్కువ 4000 డబ్బాలు. అందుకని అచ్చులేని వెండి రంగు డబ్బాలు కొని, పైన స్టిక్కరు చుట్టడం. నేరుగా డబ్బా మీద వేసే అచ్చులో రంగులన్నీ ఒకే రబ్బరు పొర మీదికి చేరి, ఒక్క చుట్టులో డబ్బాకు అంటుతాయట. తడి రంగు మీద తడి రంగు పడకూడదు కాబట్టి ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా పెడతారు. ఈ మాట విని గురువు సంబరపడ్డాడు. పటంలో మేం చేసేదీ అదే. ఎరుపు ఎరుపే, పసుపు పసుపే, నడుమ నల్లగీత కాపలా.

స్టిక్కరు హైదరాబాదులో ఒక ప్రెస్సులో వేశారు. నేనూ గురువూ కాజీపేటలో రైలెక్కి పోయాం. మొదటి అచ్చు చూసి గురువు “ఇది టమాట” అన్నాడు. నిజమే. మామూలు నాలుగు రంగుల అచ్చులో ఎరుపు అంటే గులాబీ రంగు, పసుపు కలిసి వచ్చే ఎరుపు. చుక్కలు చుక్కలుగా కలిసేది ఇంగిలీకం బరువును మోయలేదు. పైగా పైన వేసిన మ్యాట్ పొర ఆ ఎరుపును ఇంకా ఆర్పేసింది. ప్రెస్సులో మెషిన్ నడిపే అన్న పరిష్కారం చెప్పాడు: ఎరుపును విడిగా కలిపించి ఐదో రంగుగా, దానికో ప్లేటుతో కొట్టాలి. ప్లేటుకు, రంగుకు అదనపు ఖర్చు. బ్రూవరీకి ఫోన్ చేశాను. “ఎరుపు లేకుంటే అది పటం కాదు తమ్ముడూ, ఎర్రటి స్టిక్కరు” అన్నాను. అవతల కాసేపు మౌనం, తర్వాత సరే.

గురువు తన డబ్బీలోంచి ఇంగిలీకం పూసిన గుడ్డముక్క తీసి మెషిన్ దగ్గర పెట్టాడు. ఆ అన్న దాన్ని చూస్తూ రంగు కలిపాడు. ఒకటి ముదురు, ఒకటి లేత, మూడోది సరిపోయింది. ఇద్దరూ వేర్వేరు పనులవాళ్లు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. రంగు దగ్గర ఇద్దరి చూపూ ఒకటే అయింది. ఆ అరగంట కోసం మళ్లీ ఇలాంటి పని వస్తే నేను ఒప్పుకుంటాను.

ఇంకో మంచి సంగతి ఆ ప్రెస్సులోనే నేర్చుకున్నాను. మా స్టిక్కరు వెండి మెరుపున్న ఫిల్మ్. దాని మీద రంగు నిలవాలంటే కింద తెల్ల పూత వేస్తారు. తెలుపు వేయని చోట రంగు గుండా లోహం మెరుస్తుంది. కాబట్టి తెలుపు కూడా ఒక బొమ్మే. నేను ప్రత్యేకంగా ఒక ఫైలు చేశాను: కత్తుల అంచుల్లో, సాక ధారలో, లొట్టి మూతి దగ్గర తెలుపు తీసేశాను. మిగతా అంతా మట్టిలా మందంగా ఉంటుంది, ఆ మూడు చోట్లా వెలుగు పడితే మెరుస్తుంది. నాయిన కత్తి పొద్దున ఎండకు మెరిసినట్టు.

డబ్బాలు నింపిన రోజు పిల్లవాడు వీడియో కాల్ చేశాడు. చల్లటి బీరు నింపగానే డబ్బాకు చెమట పడుతుంది, తడి మీద స్టిక్కరు ముడతలు పోతుంది. మొదటి వందో నూట యాభయ్యో అలా పాడయ్యాయి. తర్వాత గాలి ఊదే యంత్రం పెట్టి ఆరబెట్టి చుట్టారు. స్టిక్కరు మీద కింద చిన్నగా మా ఇద్దరి పేర్లూ తెలుగులో ఉన్నాయి. నకాశీ చేసిన పటాల మీద ఎన్నోసార్లు ఆయన పేరు ఉండదు, కథ చెప్పించుకున్నవాళ్ల పేరుంటుంది. గురువుకు ఫొటో పంపితే ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపు ఉన్నాడు.

ఖాళీ డబ్బాలు ఆరు కొరియర్లో వచ్చాయి. ఒకటి గురువు ఇంట్లో ఉంది. ఒకటి ఊరికి తీసుకుపోయాను.

నాయిన మాపటి గీత దిగి, కాళ్లు కడుక్కుని వచ్చి అందుకున్నాడు. ముందు కత్తుల మెరుపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తిప్పాడు. పక్కన కూర్చున్న మనవరాలికి చూపిస్తూ ఇది తాత, ఇది నాయనమ్మ, ఇది మన పెద్దతాడు అని చెప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో ఆగాడు.

“మంచిగున్నది బిడ్డా. అయితే ఎక్కుతున్న. దిగేది ఏడున్నది?”

నేను డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ తిప్పి చూశాను. ఎక్కే మనిషి ఉన్నాడు, మొవ్వలో లొట్టి ఉంది, కింద మండువలో కల్లు పోస్తున్నారు. ఆ కల్లు కిందికి ఎలా వచ్చింది? చెట్టు మీదికి పోయినవాడు తిరిగి నేలకు ఎప్పుడు వచ్చాడు? లోపల మంచం మీంచి బాబాయి మమ్మల్నే చూస్తున్నాడు.

ఇప్పుడు బ్రూవరీ రెండో బ్యాచ్ చేస్తానంటోంది. లేబుల్ మారితే ఆమోదం మళ్లీ తీసుకోవాలని, ప్లేట్లు మళ్లీ చేయించాలని చెప్పారు. అయినా సరే మార్చాలని అడిగాను, రాతపూర్వకంగా. చిలుకల ఘట్టాన్ని సన్నం చేసి, లొట్టికీ మండువకూ మధ్య ఐదో ఘట్టానికి చోటు తీశాను. నిన్ననే చేర్యాలలో గుడ్డకు రెండో పూత పడింది. మూడోది ఆరాక, దిగే మనిషిని నేనే గీస్తాను. నల్లగీత గురువు పెడతాడు.